అమ్మ గదిలోకి చేరని అల

ఉదయం ఆరు దాటాక ఆ ఇంట్లో ముందుగా వినిపించాల్సింది ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని. కుక్కర్ విజిల్‌తో సహా మిగతా చప్పుళ్లన్నీ దాని తర్వాతే. ఎనభై ఆరేళ్ల ఆ తల్లి గుడివాడలో కాపురం చేసిన రోజుల నుంచీ అదే పద్ధతి. భర్త పోయాక విజయవాడ మొగల్రాజపురంలో కొడుకు ఉంటున్న అపార్ట్‌మెంట్‌కి వచ్చేటప్పుడు ఆమె పట్టుబట్టి తెచ్చుకున్నవి రెండే: ఒక ఇనప బీరువా, ఒక ట్రాన్సిస్టర్.

2022 వేసవికి ముందు ఆమె బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. అప్పటిదాకా హాలు పక్క గదిలో ఉండే ఆమెను, బాత్రూమ్ దగ్గరగా ఉంటుందని వంటింటి వెనక గదిలోకి మార్చారు. బీరువా కూడా ఆమె వెంటే వెళ్లింది. నీటికాసుల వల్ల చూపు అప్పటికే చాలావరకూ పోయింది. టీవీ అంటే ఆమెకు కదిలే వెలుతురు మాత్రమే. ఇక మిగిలింది రేడియో. కొత్త గదిలో అదీ మొరాయించింది. స్టేషన్ వస్తోంది కానీ దాని మీద జుయ్‌మని ఎడతెగని రొద. "స్టేషన్ వాళ్లు కూడా ముసలాళ్లయిపోయినట్టున్నార్రా, గొంతు బొంగురుపోయింది" అన్నారు ఆమె కొడుకుతో.

కొడుకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ముప్ఫై మూడేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరికీ ఆయన మాస్టారే. ట్రాన్సిస్టర్‌లో బ్యాటరీలు మార్చారు, ఏరియల్ తిప్పారు, కిటికీ దగ్గర పెట్టారు. రొద తగ్గలేదు. సంగతి ఫోన్‌లో డాలస్‌లోని మనవడి దాకా వెళ్లింది. వాడు అక్కణ్నుంచే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాడు. రెండో రోజు మధ్యాహ్నానికి కొబ్బరికాయంత వైర్‌లెస్ స్పీకర్ గుమ్మంలోకి వచ్చింది.

బ్లూటూత్ స్పీకర్ అయితే ఫోన్ ఎప్పుడూ దాని పక్కనే ఉండాలి, ఎవరో ఫోన్ చేసినప్పుడల్లా పాట ఆగాలి. ఇది అలా కాదు, నేరుగా వైఫైకి కలుస్తుంది, స్టేషన్ ఒకసారి పెట్టి వదిలేస్తే ఇంటర్నెట్ నుంచి పాటను తనే తెచ్చుకుంటుంది అని మనవడు వివరించాడు. యాప్‌లోని స్టేషన్ల జాబితాలో విజయవాడ కూడా ఉంది. మాస్టారు హాల్లో సోఫా పక్కన ప్లగ్గు పెట్టి, యాప్ చెప్పినట్టల్లా చేశారు. పది నిమిషాల్లో స్పీకర్ గొంతు విప్పింది. రొద లేదు, గరగర లేదు. పున్నమ్మతోటలోని స్టూడియో ఇంటి నుంచి మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు. అక్కడి మాట ఇంటర్నెట్ దారంతా చుట్టుకుని ఇంట్లోకి వచ్చిపడుతోంది. అయితేనేం, గొంతు మాత్రం గంట కొట్టినట్టుంది.

ఆ సంబరంలోనే ప్లగ్గు పీకి తల్లి గదిలోకి తీసుకెళ్లి పెట్టారు. స్పీకర్ మూగనోము పట్టింది. నారింజరంగు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతే. తిరిగి హాల్లోకి తెస్తే పాడుతుంది, గదిలోకి తీసుకెళితే ఆగిపోతుంది. నాలుగుసార్లు అలా మోసుకుని తిరిగాక, "దానికి నా గది నచ్చినట్టు లేదురా" అన్నారు తల్లి. నవ్వుతూనే అన్నారు కానీ, పెద్దవాళ్లు అలాంటి మాట నవ్వుతూ అన్నప్పుడు పిల్లలకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

ఆ రాత్రి డాలస్ నుంచి సలహా వచ్చింది. "నాన్నా, మీ రూటర్ డ్యుయల్ బ్యాండ్. స్పీకర్ ఫైవ్‌జీ మీదకి వెళ్లిపోయినట్టుంది. టూ పాయింట్ ఫోర్‌కి మార్చండి."

"మనూళ్లో ఇంకా ఫైవ్‌జీ రాలేదు కదరా" అన్నారు మాస్టారు.

ఈ తికమక ఆయన ఒక్కరిదే కాదు. రూటర్ తయారుచేసేవాళ్లు చాలామంది నెట్‌వర్క్ పేరు చివర 5జీ అని తగిలించి పెట్టిన తంటా ఇది. మొబైల్ ఫోన్ల 5జీలో జీ అంటే జనరేషన్, అంటే తరం. మన దేశంలో ఆ సర్వీసు 2022 అక్టోబర్‌లో మొదలైంది. వైఫై పేరు చివరి 5జీలో జీ అంటే గిగాహెర్ట్జ్. ఒకటి తరం లెక్క, రెండోది తరంగం లెక్క.

మనవడు అన్నది తరంగం గురించి అని అర్థం కాగానే మాస్టారికి సగం సంగతి బోధపడింది. మిగతా సగం బోధపడటానికి ఇరవై రోజులు పట్టింది. 2.4 గిగాహెర్ట్జ్ అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా ఉండదు. 5 గిగాహెర్ట్జ్ అల అందులో సగం కంటే తక్కువే, బొటనవేలంత. పొట్టి అల ఎక్కువ సమాచారం మోస్తుంది కానీ గోడల దగ్గర త్వరగా అలిసిపోతుంది. పొడుగు అల నెమ్మదస్తురాలు, ఇటుకలూ సిమెంటూ దాటి కాస్త దూరం వెళుతుంది. వీటి ముందు ట్రాన్సిస్టర్ పట్టుకునే మీడియం వేవ్ అలను నిలబెట్టి చూడండి. 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ కేంద్రం అల పొడవు 358 మీటర్లు. అంత అలకు ఆ అపార్ట్‌మెంట్ మొత్తం దారిలో గులకరాయితో సమానం.

ఇదంతా ఆయన బోర్డు మీద ఏటా రాసిన పాఠమే. జగదీశ్‌చంద్ర బోస్ 1890లలో కలకత్తాలో 5 మిల్లీమీటర్లంత పొట్టి అలలతో ప్రయోగాలు చేశారని, గోడల అవతల ఉన్న గంటను తీగ లేకుండా మోగించారని చెప్పేటప్పుడు ఆయన గొంతు పెరిగేదని పాత విద్యార్థులకు గుర్తు. ఇప్పుడు అదే గోడ ఆయన ఇంట్లో నిలబడింది.

ఆ ఇంటి రూటర్‌లో రెండు బ్యాండులకూ ఒకే పేరు. ఏ పరికరాన్ని ఏ బ్యాండులో పెట్టాలో రూటరే చూసుకోవాలని ఆ ఏర్పాటు. ఫోన్ లాంటివి ఇటూ అటూ దూకుతూ సర్దుకుంటాయి. కొన్ని స్పీకర్లు మాత్రం మొదట దొరికిన దాన్నే పట్టుకుని వేలాడతాయి. హాల్లో రూటర్ పక్కనే మొదలుపెట్టిన ఈ స్పీకర్ 5 గిగాహెర్ట్జ్‌కి అలవాటుపడింది. గదిలోకి వెళ్లాక ఆ బ్యాండు అందదు, రెండోదాని వైపు చూడదు. మాస్టారు రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండు బ్యాండులకు రెండు పేర్లు పెడదామనుకున్నారు. పాస్‌వర్డ్ సర్వీసు వాళ్ల దగ్గర ఉంది. ఫిర్యాదు పెట్టిన మూడో రోజు కుర్రాడొకడు వచ్చాడు.

వచ్చినవాడు ముందు స్పీడు చూపించాడు. హాల్లో వందకు తొంభై నాలుగు ఎంబీపీఎస్. "ఇంతకంటే ఏం కావాలి సార్" అన్నాడు. నిజానికి రేడియో పాటకు వంద అక్కర్లేదు, ఒక్క ఎంబీపీఎస్‌లో చిన్న ముక్క చాలు. కావలసింది వేగం కాదు, తెగకుండా రావడం. కుళాయిలో నీళ్లు ఎంత జోరుగా వస్తే ఏం లాభం, బిందె నిండే లోపు నాలుగుసార్లు ఆగితే? తర్వాత వాడు వెనక గదిలోకి వెళ్లి తన ఫోన్‌లో యూట్యూబ్ పెట్టాడు. పాట గలగలా వచ్చింది. "చూశారా, ఇక్కడ కూడా బ్రహ్మాండంగా ఉంది. మీ స్పీకరే తేడా." మాస్టారు మారుమాట్లాడలేకపోయారు. వాడు వెళ్లిపోయిన రెండు రోజులకు గానీ ఆయనకు తట్టలేదు, గదిలోకి వెళ్లగానే వాడి ఫోన్ నీరసించిన వైఫైని చప్పుడు లేకుండా వదిలేసి సిమ్ కార్డు డేటా మీదకు మారిపోయి ఉంటుందని. తన ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి చూస్తే గుట్టు బయటపడింది. వైఫై గుర్తులో ఒకే ఒక్క గీత, అదీ వచ్చిపోతూ.

ఆ కుర్రాడు చేసి వెళ్లిన మేలు ఇంకొకటుంది. రెండు పేర్లు విడదీయడం తెలియకో, ఓపిక లేకో, 2.4 గిగాహెర్ట్జ్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి స్పీకర్‌ని అందులో కలిపాడు. స్పీకర్ దీపం తెల్లగా వెలిగింది. కానీ యాప్‌కి స్పీకర్ కనిపించదు. గెస్ట్ నెట్‌వర్క్ అనేది ఇంటికొచ్చిన చుట్టాల కోసం. వాళ్లకు ఇంటర్నెట్ ఇస్తుంది కానీ ఇంట్లోని మిగతా పరికరాలను చూడనివ్వదు, అది దాని ధర్మం. స్పీకర్ చుట్టాల గదిలో, ఫోన్ ఇంటివాళ్ల గదిలో. మధ్య తలుపు మూసి ఉంది. ఒకే ఇంట్లో ఉన్న రెండు వస్తువులు ఒకదానికొకటి కనిపించడం లేదంటే ఏమిటో అర్థంకాక మాస్టారు ఒక పూటంతా స్పీకర్‌ని రీసెట్ చేస్తూ కూర్చున్నారు. చివరికి సర్వీసు వాళ్లను ఫోన్‌లో బతిమాలి పాస్‌వర్డ్ సంపాదించి, గెస్ట్‌ను మూసేసి, రెండు బ్యాండులకు రెండు పేర్లు తనే పెట్టారు. స్పీకర్‌ని 2.4కి కలిపారు. ఫోన్ 5లో ఉన్నా నష్టం లేదు, రెండూ ఒకే ఇంటి నెట్‌వర్కే కాబట్టి ఒకదానికొకటి కనిపిస్తాయి.

సాయంత్రం తల్లి గదిలో స్పీకర్ పాడింది. గంటసేపు తెగకుండా పాడింది. ఆయన డాలస్‌కి విజయవార్త పంపి నిద్రపోయారు.

తర్వాతి వారం రోజులు ఆయన వాకింగ్ నుంచి రాగానే గుమ్మంలోంచే అడిగేవారు. "వస్తోందా అమ్మా?"

"బాగానే వస్తోందిరా" అనేవారామె.

బాగాలేదన్న సంగతి కనిపెట్టింది కోడలు. ఒకరోజు పొద్దున పాల గ్లాసుతో గదిలోకి వెళ్లిన ఆమెకు కీర్తన వినిపించింది. కానీ అది అత్తగారి గొంతు. మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, సన్నగా పాడుకుంటున్నారు. స్పీకర్ నోరు మూసుకుని ఉంది. కాసేపటికి స్పీకర్‌లో పాట వచ్చింది, అత్తగారు ఆపేశారు. రెండు చరణాల తర్వాత మళ్లీ స్పీకర్ ఆగింది, మళ్లీ ఆమె అందుకున్నారు. తెగినచోటల్లా తన గొంతుతో అతుకు వేసుకుంటున్నారు.

సంగతి విన్న మాస్టారు తల్లి పక్కన కూర్చున్నారు. "చెప్పొచ్చు కదమ్మా."

"ఇన్ని తిప్పలు పడ్డావు, మళ్లీ ఎందుకని. తెలిసిన పాటలేగా, నేను అందుకోగలను." కాసేపు ఊరుకుని, "వార్తలే. అవి ఎలా అందుకుంటాను?" అన్నారు.

ఏ రిపేరుకైనా ముందు కావలసింది నిజం చెప్పే సాక్షి. డాక్టర్ల దగ్గర నొప్పి దాచినట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఇబ్బందులూ దాస్తారు. మాస్టారు మర్నాటి నుంచి వాకింగ్ మానేశారు. ఆరు గంటలకల్లా తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని, పాత రికార్డు బుక్కు ఒకటి ఒళ్లో పెట్టుకుని, పాట తెగిన సమయాలు రాయడం మొదలుపెట్టారు. 6.12. 6.21. 6.38. రెండో రోజు 6.14, 6.25, 6.40. సాయంత్రం మాత్రం ఒక్క కోత కూడా లేదు.

ముందు అనుమానం పొరుగువాళ్ల మీదకు పోయింది. ఫోన్‌లో వైఫై చూపించే యాప్ పెడితే ఆ గదిలోంచే పద్దెనిమిది నెట్‌వర్కులు కనిపించాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఇరుకు సందు. మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో పదమూడు ఛానళ్లున్నా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండేవి 1, 6, 11 మూడే. పద్దెనిమిది ఇళ్లు ఆ మూడింటిలోనే తోసుకోవాలి. బ్లూటూత్ కూడా ఆ సందులోదే, అనేక వైర్‌లెస్ మౌసులూ కీబోర్డులూ అందులోవే. ఈ సందు మన దేశంలో అందరికీ తెరుచుకుని ఎంతో కాలం కాలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని నిబంధనలు వచ్చింది 2005 జనవరిలో. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన భాగాన్ని అలా వదిలింది 2018 అక్టోబర్‌లో. మాస్టారి చిన్నప్పుడు రేడియో వినడానికే లైసెన్సు ఉండేది. గుడివాడ పోస్టాఫీసుకు తండ్రి వెంట వెళ్లి, ఏడాది రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకుని రావడం ఆయనకు గుర్తే. 1980లలో ఆ లైసెన్సు పోయింది. ఇప్పుడు ప్రతి ఇల్లూ ఒక చిన్న ప్రసార కేంద్రం, ఎవరినీ అడగక్కర్లేదు. అడగక్కర్లేని చోట తోపులాట ఉండక తప్పదు.

రూటర్ 6లో ఉందని చూసి ఆయన 11కి మార్చారు. కోతలు తగ్గకపోగా కాస్త పెరిగాయి. 1కి మార్చారు. కొంచెం నయం, అయినా కోతలున్నాయి. పైగా పొరుగువాళ్ల రద్దీయే కారణమైతే అందరూ ఇళ్లకు చేరి సినిమాలు చూసే సాయంత్రం పూట ఎక్కువ తెగాలి. ఇక్కడ తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్నప్పుడు తెగుతోంది. లెక్క కుదరడం లేదు.

నాలుగో రోజు 6.13కి పాట తెగింది. ఆయన టైము రాస్తున్నారు. వంటింట్లోంచి టింగ్‌మని శబ్దం. ఆ వెంటనే స్పీకర్ అందుకుంది.

పెన్ను ఆగిపోయింది. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. భార్య మైక్రోవేవ్ తలుపు తీసి పాల గ్లాసు బయటికి తీస్తున్నారు. "అమ్మకు పాలు. తర్వాత మీ కాఫీకి పెడతా" అన్నారు. 6.12 తల్లి పాలు. 6.21 ఆయన కాఫీ. 6.38 నిన్నటి సాంబారు.

ఇళ్లలో వాడే మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ మీద, అంటే సరిగ్గా 2.4 వైఫై సందు నడిమధ్యన. లోపలి శక్తి వందల వాట్లలో ఉంటుంది, రూటర్ శక్తి ఒక వాటులో పదోవంతు ఉంటే గొప్ప. ఓవెన్ తలుపు సందుల్లోంచి బయటికొచ్చే కాస్తంత మనిషికి ప్రమాదం చేసేటంత కాదు కానీ, వైఫై చెవులు మూయించడానికి చాలు. పైగా ముందుగుమ్మం పక్కనున్న రూటర్ నుంచి వెనక గదికి గీత గీస్తే అది నేరుగా ఓవెన్ పక్కనుంచే పోతుంది. స్పీకర్ కొన్ని సెకన్ల పాటను ముందుగా దాచుకుంటుంది కాబట్టి ఓవెన్ వేయగానే తెగదు, ఆ దాచిన ముక్క అయిపోయాక తెగుతుంది. అందుకే ఇన్నాళ్లూ రెండింటికీ ముడి కనిపించలేదు.

అయినా ఫిజిక్స్ మాస్టారు ఒక్క టింగ్‌తో తీర్పు ఇవ్వరు. గ్లాసుడు నీళ్లు పెట్టి నిమిషంన్నర ఓవెన్ నడిపారు. పాట తెగింది. ఆపారు. వచ్చింది. మళ్లీ నడిపారు. విద్యార్థుల చేత చేయించినట్టు మూడు రీడింగులు తీసుకున్నారు. మూడూ కలిశాయి. ఆయన ముఖం వెలిగిపోతుంటే, "ఇంతకీ పాలు పొయ్యి మీద కాచుకోమంటారా?" అని అడిగారు భార్య. అదీ ఒక దారే. కానీ పొద్దున ఆరింటికి ఒక్క చేతి మీద ఇల్లు నడిపే మనిషికి, స్పీకర్ కోసం ఓవెన్ మానెయ్యమని చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది.

5 గిగాహెర్ట్జ్‌కి ఓవెన్ బెడద లేదు. కానీ అది గదిలోకి రాదు. గోడ ఒక్కటే అయితే ఏదో కొంత వచ్చేదేమో. గోడకు ఆనించి బీరువా ఉంది. ఇటుక గోడ అలను బలహీనపరుస్తుంది, ఇనప రేకు వెనక్కి తిప్పి కొడుతుంది. రూటర్‌కూ మంచానికీ మధ్య ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున ఇనుము నిలబడి ఉంటే బొటనవేలంత అల ఏం చేస్తుంది? ఒక బ్యాండు ఓవెన్ దగ్గర చస్తోంది, రెండోది బీరువా దగ్గర చస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బీరువాను అవతలి గోడకు జరుపుదామా అని తల్లినే అడిగారు. అందులో పట్టుచీరలు నాలుగు, భర్త చేతిగడియారం, గుడివాడ ఇంటి కాగితాలు ఉన్నాయి. "జరిపితే దాని తలుపులు మళ్లీ పడవురా. ఒకసారి జరిపినందుకే పై గొళ్లెం కుదరడం లేదు. మీ నాన్న ఉంటే సరిచేసేవారు" అన్నారామె. వద్దని అనలేదు. ఆ మాట తర్వాత ఆయన మళ్లీ అడగలేదు.

కదలాల్సింది రూటర్ అని ఆయనకు తట్టడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. విచిత్రమేమిటంటే ఇన్ని రోజుల్లో అది ఎవరికీ తోచలేదు. రూటర్ గుమ్మం పక్కన ఎందుకుంది? ఫైబర్ తీగ మెట్ల దగ్గర్నుంచి అక్కడికే వచ్చింది కాబట్టి. మన ఇళ్లలో చాలా రూటర్లు ఉండేది తీగ వచ్చినచోట, మనుషులు ఉండేచోట కాదు. ఇంటి మొత్తానికి నీళ్లివ్వాల్సిన ట్యాంకును వీధి కుళాయి పక్కన పెట్టుకున్నట్టు. పైగా టీవీ వెనక, చెప్పుల స్టాండు మీద, నెట్‌వర్క్ బాగా రావడం లేదని తిట్టుకుంటూ. సెట్టింగుల్లో కనిపించేది మాత్రమే లోపమనుకునే అలవాటు కంప్యూటర్లొచ్చాక అందరికీ అంటుకుంది. అలల పాఠం చెప్పిన మాస్టారు కూడా రెండు వారాలు తెర మీద ఛానళ్లు మార్చారు తప్ప, పెట్టెను చేత్తో ఎత్తి చూడలేదు.

అదే కుర్రాడు మళ్లీ వచ్చాడు. రూటర్ విప్పితే వెనకాల చుట్ట చుట్టి టేపు వేసిన ఫైబర్ బయటపడింది. కనెక్షన్ ఇచ్చిన రోజు మిగిలిపోతే అలా దాచారు. విప్పి కొలిస్తే ఎనిమిది మీటర్ల పైనే. హాలు గోడ వెంట, వంటింటి గుమ్మం మీదుగా, వెనక నడవాలోకి హాయిగా వచ్చింది. ఫైబర్‌ని గట్టిగా మడిచి మేకు కొడితే లోపల గాజుపోగు విరుగుతుందని కుర్రాడు మూలమూలకూ గుండ్రంగా తిప్పాడు. ఆ పనిలో వాడి నేర్పు చూసి మాస్టారికి వాడి మీదున్న కోపం సగం పోయింది. నడవా గోడకు, క్యాలెండర్ పైన, తల్లి గది గుమ్మానికి ఎదురుగా రూటర్ పెట్టారు. ఇప్పుడు రూటర్‌కూ మంచానికీ మధ్య తెరిచిన తలుపు తప్ప ఏమీ లేదు. ఓవెన్ పక్కకు, బీరువా ఇంకో పక్కకు తప్పుకున్నాయి.

మాస్టారు స్పీకర్‌ని తిరిగి 5 గిగాహెర్ట్జ్‌కి కలిపారు. మొదటి రోజు పనికిరాదన్న బ్యాండే ఇప్పుడు సరైనదైంది. ఛానల్ 36లో స్థిరంగా ఉంచారు. అదే బ్యాండులో పైనున్న కొన్ని ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి, రాడార్ అలికిడి వినిపిస్తే రూటర్ అక్కణ్నుంచి తప్పుకోవాలి, ఆ కాసేపు పాట తెగుతుంది. మర్నాడు ఆరింటికి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. 6.12కి ఓవెన్ తిరిగింది, టింగ్‌మంది. పాట సాగింది. 6.21కి తిరిగింది. సాగింది. వార్తలు మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట కూడా పోకుండా వచ్చాయి. డాలస్‌లో అప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిది. మనవడు వీడియో కాల్‌లో చూస్తూ, "నాన్నమ్మా, వినపడుతోందా?" అని అరిచాడు. "నువ్వు కాసేపు ఊరుకుంటే వినపడుతుందిరా" అన్నారామె.

రికార్డు బుక్కులో రాయడానికి ఇంకేం లేకపోయినా మాస్టారు పొద్దున్నే కుర్చీ వేసుకోవడం మానలేదు. వాకింగ్ సాయంత్రానికి మారింది.

వినాయక చవితి దాటిన వారంలో ఒకరోజు పొద్దున కరెంటు పోయింది. స్పీకర్ ఆగింది. రూటర్ దీపాలు ఆరాయి. ఫ్యాను ఆగి, నిశ్శబ్దం అలముకుంది. తల్లి చేత్తో తడుముకుని తలగడ పక్కనుంచి ట్రాన్సిస్టర్ తీశారు. అది అక్కడే ఉందని మాస్టారికి అప్పటిదాకా తెలియదు. మీట తిప్పారు. భక్తిరంజని వచ్చింది. జుయ్‌మనే రొద లేదు, బొంగురు లేదు. గుడివాడ ఇంట్లో వినిపించినట్టే ఉంది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇరవై నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది, రొద కూడా దానితోపాటే వచ్చింది. ఇక గదిలో స్విచ్చులు ఒక్కొక్కటే ఆపుతూ పోయారు. ఫ్యాను ఆపినా రొద ఉంది. ఫోన్ ఛార్జర్ పీకితే కొంచెం తగ్గింది. ట్యూబ్‌లైట్ ఆపగానే చటుక్కున దాదాపు పోయింది. తల్లిని ఈ గదిలోకి మార్చిన రోజు, రాత్రిపూట లేస్తే వెలుతురు బాగుండాలని తనే కొని బిగించిన చవక ఎల్‌ఈడీ ట్యూబ్ అది. అలాంటి దీపాల్లో, ఛార్జర్లలో కరెంటును సెకనుకు వేలసార్లు కత్తిరించి కుదించే చిన్న సర్క్యూట్ ఉంటుంది. దానికి సరైన ఫిల్టర్ పెట్టకపోతే ఆ కోతల చప్పుడంతా మీడియం వేవ్ మీద పడుతుంది. ఎఫ్‌ఎం మీద అంతగా తెలియదు, వైఫైకి దానితో పనేలేదు. 358 మీటర్ల అలకు మూడంతస్తుల గోడలు అడ్డు కాలేదు, మంచం నెత్తిన ఉన్న ట్యూబ్‌లైట్ అడ్డయింది.

ట్యూబ్ మార్చారు. రొద పూర్తిగా పోలేదు, పక్క ఇళ్ల దీపాల నుంచి కొంత ఇంకా వస్తూనే ఉంది. కానీ ట్రాన్సిస్టర్ మళ్లీ తలగడ పక్కనుంచి కిటికీ గూట్లోకి చేరింది.

"ఇంకేం, ఆ డబ్బా హాల్లో పెట్టేయమంటావా?" అని స్పీకర్ చూపిస్తూ అడిగారు మాస్టారు.

"ఎందుకురా, పిల్లాడు పంపింది. రెండూ ఉండనీ" అన్నారామె.

మర్నాడు రెండూ మోగాయి. ఇంటర్నెట్ దారిలో వచ్చే పాట నేరుగా గాలిలో వచ్చేదానికంటే అర నిమిషం వెనకబడుతుంది. ట్రాన్సిస్టర్‌లో పల్లవి అయిపోయి చరణం ఎత్తుకున్నాక స్పీకర్‌లో పల్లవి మొదలవుతుంది. ఆ గజిబిజికి మాస్టారు స్పీకర్ గొంతు తగ్గించబోయారు. తల్లి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీరా. అది పాడుతోంది, ఇది వంత పాడుతోంది."

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. వంటింట్లో టింగ్‌మంది.